పనసతొన అక్షరాలు

ఫ్లెక్సీని చాపలా చుట్టి తెచ్చి, పాపారావు మాస్టారి కాళ్ళ దగ్గర పడేసి, జనార్దనరావు వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోలేదు. ఆదివారం పొద్దున్నే పెద్దమనిషి ఇంటికొచ్చి మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదంటే ఆ ఇంటికి ఏదో మూడిందనే అర్థం. పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో చిన్నపిల్లాడికైనా తెలిసిన సంగతే అది.

"ఇప్పండి మాస్టారూ," అన్నాడు. "మీ కోడలు సేతి పని. మీరే సూడండి."

పాపారావు తెలుగు పండితుడిగా రిటైరైనవారు. జనార్దనరావు ఒకప్పుడు ఆయన శిష్యుడే. ఇప్పుడు ఉద్దానంలో తోటలూ, పొలాలూ, మండలంలో పలుకుబడీ ఉన్న మనిషి. మాస్టారు వంగి ఫ్లెక్సీ విప్పారు.

పైన పూలదండలో జనార్దనరావు తండ్రి తారకేశ్వరరావు బొమ్మ. బుర్రమీసాలు, ఉరిమే చూపు. పోయి ఏడాదైనా ఫొటోలోంచి ఇంకా కేకలేస్తున్నట్టే ఉన్నాడు. ఆయన కింద పెద్దపెద్ద ఎర్ర అక్షరాల్లో 'అశ్రునివాళి' అని ఉంది.

ఆ అక్షరాలే కొంప ముంచాయి. అంచెక్కడా లేకుండా, బొద్దుగా, బుగ్గలు పూరించుకుని, ఒకదాని భుజం మీద ఒకటి వాలి ఉన్నాయవి. ఒక్కోదాని పొట్ట మీద తెల్లటి మెరుపుచుక్క. మీసాలాయన పైన ఉరుముతుంటే, కింద అక్షరాలు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతున్నాయి. కుడి మూల ఒక బుడగ కూడా ఉంది.

"టెక్కలి కొండబాబు కొట్లో ఏసిన ఫ్లెక్సీ," అన్నాడు జనార్దనరావు. "ఎవలదో పుట్టినరోజుకి సేసింది ఉంటే, దాంట్లోనే కేకు తీసీసి మా నాన్న ఫొటో పెట్టీసినాడు. అక్షరాలు మార్సాలని ఆడి బుర్రకి తట్టనే లేదు. అడిగితే 'ఇప్పుడందరూ ఇవే ఏయించుకుంటన్నారు బాబూ, పలాస కోడలమ్మగారి అచ్చరాలు' అంటన్నాడు. సంతలో పిల్ల గుంటలు నవ్వినారు మాస్టారూ. మా నాన్న బతికుండగా ఆయన ముందర పళ్ళు బయటపెట్టినోడు లేడు. పోయాక ఊరంతటినీ నవ్వించీసింది మీ కోడలు."

తలుపు వెనకాల నిలబడి కోడలు కృష్ణప్రియ అంతా వింటోంది. భయం వేసింది, సిగ్గూ వేసింది. అయినా ఆమె కళ్ళు మాత్రం ఆ 'శ్రు' దగ్గరే ఆగిపోయాయి. వారాల తరబడి తంటాలు పడి గీసిన అక్షరం అది. ఇంత పెద్ద సైజులో ఎప్పుడూ చూడలేదు. కింది కొమ్ము కొంచెం బరువెక్కింది, పలచన చేయాలి అనుకుంది. వెంటనే, ఇంటి మీదికి తగువొచ్చి కూర్చుంటే నాకిదేం బుద్ధి అని నాలుక్కరుచుకుంది.

ఆ అక్షరాల పేరు పనసతొన. కృష్ణప్రియే కంప్యూటర్లో గీసి, అందరూ వాడుకోండని నెట్‌లో పెట్టిన ఫాంటు. పెట్టిందే తడవు, వాన నీళ్ళలా ఎటుపడితే అటు పారింది. టిఫిన్ సెంటర్ల బోర్డులెక్కింది. సోడాబండ్లు, స్కూలు వ్యాన్లు, బారసాల కార్డులు, జీడిపప్పు ప్యాకెట్లు అన్నీ దానివే. ఆఖరికి మూలపేట వైపు తేలే పడవల ముక్కుల మీద అమ్మవారి పేర్లు కూడా అందులోనే రాయిస్తున్నారు. తను గీసిన 'మ' ఒకటి సముద్రం మీదికి వెళ్ళి వేటాడి వస్తోందని తలచుకుంటే కృష్ణప్రియకి మొన్నటిదాకా నవ్వొచ్చేది.

"నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు జనార్దనం," అన్నారు మాస్టారు. "తలకట్టు కొట్టండర్రా అని బెత్తం పట్టుకుని చెప్పి చెప్పి గొంతు పోయింది నాకు. ఈవిడ తలకట్టు తీసేసి అక్షరానికి టోపీ పెట్టింది. గణపతి పొట్టంత పొట్ట పెట్టింది. ఇవి అక్షరాలా, పిండివంటలా?"

"సారీ చెప్పేసి నెట్‌లోంచి తీసెయ్ ప్రియా," అన్నాడు ఆమె భర్త ఫణిశంకర్. అతను టెక్కలి రెవెన్యూ ఆఫీసులో గుమస్తా. పలుకుబడి ఉన్నవాళ్ళని చూస్తే కుర్చీలోంచి తనంతట తనే లేచిపోయే మనిషి. "డిలీట్ కొడితే అయిపోతుంది కదా."

"అయిపోతుందా," అంది కృష్ణప్రియ. "మూడేళ్ళండీ."

ఆమెకి మూడేళ్ళ కష్టం ఒక్కటే కాదు బాధ. విశాఖపట్నంలో పిల్లల పుస్తకాలు వేసే రాజకుమారిగారు ఒకటో తరగతి వాచకం మొత్తం పనసతొనలోనే వేస్తానని పోయిన వారం ఫోన్ చేసింది. ఈ అక్షరాలని చూస్తే పిల్లలు భయపడరు, పలకరిస్తారు అంది. ఒక్కటే షరతు పెట్టింది. "మీరు వీటిని ఏదో పాత గోడ మీంచి తీసుకున్నానన్నారు. ఆ గోడ రాసినవాళ్ళెవరో కనుక్కోండి. వాళ్ళు సరేనంటేనే వేస్తాను, వాళ్ళ పేరూ వేస్తాను. ఎవరి చేతిరాతనో అడక్కుండా ఎత్తుకొచ్చి పిల్లలకి చదువు నేర్పలేను." గడువు ఈ శనివారంతో సరి. కృష్ణప్రియ పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం తిరిగి, బ్రష్షు పట్టిన ప్రతి ముసలాయన్నీ అడిగింది. నాదన్నవాడు ఒక్కడూ లేడు.

అందుకే ఇప్పుడు, నోరు మూసుకోవలసిన చోట, తెరిచింది.

"ఇవి నేను పుట్టించినవి కావు జనార్దనరావు గారూ. మీ గోడ మీదివే."

"మా గోడేటి?"

"వజ్రపుకొత్తూరు రోడ్డులో మీ పాత జీడిపిక్కల బట్టీ ఉంది కదండీ, మూసేసింది. తిత్లీ తుఫానుకి గోడ సగం పడిపోయింది. మిగిలిన సగం మీద ఉన్నాయి ఈ అక్షరాలు. వాటిని చూసి మిగతావి నేను అల్లుకున్నాను. అవి ఎవరు రాశారో మీకేమైనా తెలుసా అండీ?"

జనార్దనరావు ఫ్లెక్సీ వైపు చూశాడు, తండ్రి మీసాల వైపు చూశాడు, మళ్ళీ అక్షరాల వైపు చూశాడు.

"ఆ గోడ మా నాన్నే రాసినాడు," అన్నాడు.

 ఎదుట నవ్వడానికి ఊరు ఊరంతా జంకిన మనిషి, పొట్ట పట్టుకుని నవ్వే అక్షరాలు రాశాడా?

"మావోల్లందరూ సెప్తారు. కుర్రతనంలో ఆయనే నిచ్చెనేసుకుని రాసినాడని. పెళ్ళికి ముందర." అతని గొంతు మారింది. "అంటే మా నాన్న సేతిరాత తీసీసి, మా ఇంట్లో ఒక్క మాట అడక్కుండా సోడాబండ్లకి పంచీసినావా?"

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. అప్పుడే వంటింట్లో స్టీలు గ్లాసు గచ్చు మీద పడి దొర్లుకుంటూ పోయింది.

"ఏటది?" అన్నాడు ఫణిశంకర్.

"సెయ్యి జారింది," అని లోపల్నుంచి వాళ్ళమ్మ జగదాంబ గొంతు వినిపించింది.

జనార్దనరావు లేచాడు. "మీతో తగువాడ్డానికి రాలేదు మాస్టారూ. మా అమ్మ కోసం వొచ్చినాను. ఊళ్ళో ఇలాంటిదే ఇంకోటి కట్టినారు. అమ్మ దాన్ని ఇప్పించి గదిలో పరిపించుకుంది. నిన్నట్నుంచీ దాన్నే సూత్తన్నాది. అన్నం తినదు, పలకదు. మీ కోడలొచ్చి అమ్మ ముందర తప్పైపోయిందని సెప్పుకోవాల. అమ్మ తీసెయ్‌మంటే ఈ అక్షరాలు ఇంకెక్కడా కనపడకూడదు."

"ఉంచమంటారేమో," అంది కృష్ణప్రియ.

"ఎందుకుంచమంటాది?" అన్నాడతను.

*

చీర మార్చుకుందామని లోపలికెళ్ళిన కృష్ణప్రియ వంటింటి గుమ్మంలో ఆగింది. జగదాంబ కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు కోస్తోంది. కోసినవి కోసినట్టే నల్లబడుతున్నాయి, నీళ్ళలో వేయడం మరిచిపోయింది.

"అత్తయ్యా, మీరూ రండి. పెద్దవాళ్ళు పక్కనుంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

"నాను ఆ గుమ్మం తొక్కను."

"ఆవిడతో మీకు పరిచయం ఉందా?"

ఆమె ఇంకో వంకాయ అందుకుంది. ఎవరింట్లో చావైనా పెళ్ళైనా ముందుండే మనిషి జగదాంబ. తారకేశ్వరరావు పోయినప్పుడు మాత్రం జ్వరమని ముసుగుతన్ని పడుకుంది. జ్వరం లేదని ఆ రోజు చెయ్యి వేసి చూసిన కృష్ణప్రియకి తెలుసు. ఎందుకో మాత్రం తెలియదు. ఈ ఇంట్లో ఆమెకి తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి.

నీళ్ళ గిన్నె అందుకోబోతే మోచెయ్యి తగిలి, కిటికీ పక్క అలమరలో ఉన్న పచ్చటి నలుపలకల డబ్బా కదిలింది. జీడిపప్పు పోసుకునే పాత రేకు డబ్బా అది.

"తిప్పకమ్మా," అంది జగదాంబ తలెత్తకుండానే. "అటేపు తుప్పు."

కాపురానికొచ్చినప్పట్నుంచీ వింటున్న మాటే. కృష్ణప్రియ డబ్బాని ఉన్నచోటికి సర్దేసి బయటికొచ్చింది.

*

దారిలో జనార్దనరావు రెండు మూడు పనులు చూసుకోవడంతో, కారు కాశీబుగ్గ దాటి ఉద్దానంలోకి దిగేసరికి మధ్యాహ్నం దాటింది. దారంతా కొబ్బరీ, పనసా, జీడిమామిడీ. బట్టీ దగ్గరికి రాగానే జనార్దనరావు తనకి తెలియకుండానే వేగం తగ్గించాడు. సగం కూలిన గోడ మీద '...డిపప్పు. నాణ్యము. నమ్మకము' అన్న అక్షరాలు వెలిసిపోయిన ఎరుపులో ఎండ కాచుకుంటున్నాయి. ఇన్నేళ్ళూ ఆ దారినే పోతూ వాటిని ఒక్కసారైనా సరిగ్గా చూడలేదేమో, అతను మెడ తిప్పి వెనక్కి కూడా చూశాడు.

ఇంట్లో పెద్దగదిలో మంచం. మంచం ఎదురుగా నేల మీద ఫ్లెక్సీ. మంచం మీద కాదు, నేల మీదే, ఫ్లెక్సీ పక్కన కూర్చుని ఉంది అప్పలనరసమ్మ. పీలగా ఉంది, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"అమ్మా, తప్పైపోయిందండీ," అని మొదలుపెట్టింది కృష్ణప్రియ.

"అది తరవాత సెబ్దువు గానీ. కూకో." ముసలామె ఆమె చెయ్యి పట్టి కిందికి లాగింది. "ఈ అచ్చరాలు నీకెక్కడ దొరికినాయమ్మా?"

"మీ బట్టీ గోడ మీదండీ."

"అదే అనుకున్నాను." వేలు పెట్టి ఒక్కో అక్షరం మీదుగా పోనిస్తూ చదివింది. అ, శ్రు, ని, వా, ళి. బడిలో కూర్చున్న పిల్లలా చదివింది. ఫ్లెక్సీ అడుగున కొడుకు పేరు దగ్గరికొచ్చి వేలు ఆగింది. "అన్నీ ఆ సేతి వాటమే. 'జనార్దనరావు'లో ఈ మొదటిదుంది సూడు, ఇది కాదు."

కృష్ణప్రియ ముందుకు వంగింది. "నిజమేనండీ. గోడ మీద 'జీ' ఉన్న చోటు తుఫానుకి పడిపోయింది. మిగతావాటికి ఏదో ఒక ఆధారం దొరికింది గానీ, ఆ 'జ' మాత్రం పూర్తిగా ఊహించి గీసింది. ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు. అసలుది ఎలా ఉండేదండీ?"

తప్పు చెప్పుకోవడానికొచ్చిన సంగతి ఆమె మరిచే పోయింది. జనార్దనరావు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

అప్పలనరసమ్మ మంచం పక్కనున్న పళ్ళెం దగ్గరికి లాక్కుంది. అన్నం మానేసిందని కోడళ్ళెవరో పెట్టిపోయిన జీడిపప్పు పళ్ళెం. ఒక్కో పప్పు తీసి, వంపు చూసుకుని, పక్కపక్కన పేర్చడం మొదలుపెట్టింది. చూస్తుండగా పళ్ళెంలో గుండ్రటి 'జ' ఒకటి తయారైంది. ఆఖరున ఒక్క పప్పు చేత్తో పట్టుకుని, అక్షరం కింద, తగిలీ తగలకుండా వేలాడేటట్టు పెట్టింది.

"జీడిపండు కింద పిక్క యాలాడతాది గదా. అలగ."

కృష్ణప్రియ పళ్ళెం వైపే చూస్తూ ఉండిపోయింది. గోడ మీది అక్షరాల కొసలు ఎందుకంత గుండ్రంగా ఉంటాయో, గీత మధ్యలో ఎందుకు సన్నబడి మళ్ళీ ఎందుకు ఉబ్బుతుందో మూడేళ్ళుగా బుర్ర బద్దలు కొట్టుకుంది. పనసతొన అని పేరు పెట్టుకుని మురిసిపోయింది. పలాసలో కాపురముంటూ జీడిపప్పుని పోల్చుకోలేకపోయింది.

"మీరు పప్పులతో రాసేవారా?"

"రాయడం కాదు, పేర్సడం. పలకలెక్కడియి మాకు? నాను పిక్కలు కొట్టే గుంటని. బట్టీలో సిన్నప్పట్నించీ. నా కొడుకు ఎవలకీ సెప్పడులే." చేతులు చాపి చూపించింది. వేళ్ళ కొసలు నల్లగా, నున్నగా, రాళ్ళలా ఉన్నాయి. "జీడి రసం తినీసింది. ఆధారుకి ఏలుముద్ర పడదు. నల్లని ఏళ్ళతో పలక పట్టుకుంటే పంతులు కొట్టీవోడు. అందుకని మద్దేన్నం కూలోల్లు కునుకు తీసినప్పుడు సేటలో పప్పులు పేర్సి నాకు అచ్చరాలు నేర్పింది. బట్టీ గుమస్తా కూతురు. నా ఈడుదే. తరవాత అందరు గుంటలూ సూసి నేర్సుకుంటారని గోడ మీదెక్కించింది."

"ఎక్కించిందేటి?" అన్నాడు జనార్దనరావు. "గోడ నాన్న గదా రాసింది?"

"మీ నాయిన రాయలేదురా."

ముసలామె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మీ నాయిన నిచ్చెన పట్టుకున్నాడు. అంతే."

జనార్దనరావు మంచం అంచున కూలబడ్డాడు. తల్లి అతని వైపు జాలిగానే చూసింది కానీ మాట ఆపలేదు.

"అది రాసింది మీ నాయిన్నీ, నన్నూ నవ్వించడానికే. మీ నాయిన అప్పుడు నవ్వీవోడు. ఊరోల్లు బట్టీ సొంతదారు బుగత కొడుకే రాసినాడని మెచ్చుకున్నారు. ఆయన కాదన్లేదు. తరవాత నన్ను సేసుకున్నాడు. ఇంటి మర్యాదని నానూ కాదన్లేదు. అది వొచ్చి, 'నరసీ, ఆ గోడ ఎవలు రాసినారో నువ్వైనా సెప్పవే' అని పదిమందిలో అడిగింది. నాను తలొంచుకున్నాను. ఆ పొద్దు మాట మానీసింది నాతోటి. ఇంతవరకూ మల్ల మాట్లాడలేదు."

"ఆవిడ ఎక్కడున్నారండీ? ఉన్నారా?" కృష్ణప్రియ గొంతులో ఆత్రం దాగలేదు. వాచకం, శనివారం, రాజకుమారిగారి షరతు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. "ఆవిడ సరేనంటే చాలండీ, పిల్లల పుస్తకంలో ఆవిడ పేరు వేస్తారు."

అప్పలనరసమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. ఏదో అడగబోయి మానేసింది. పళ్ళెంలో వేలాడుతున్న పప్పుని తీసి నోట్లో వేసుకుంది. నిన్నట్నుంచీ ఆమె తిన్నది అదే.

"కారు తియ్యరా," అంది కొడుకుతో.

"అన్నం తిని ఎల్దామమ్మా."

"ముందల కారు తియ్యి."

*

దారి అంతా ముసలామే చెప్పింది. ఎడమ పక్కకన్నది, కుడి పక్కకన్నది. కాశీబుగ్గ బజారులో ఒక ఐస్‌క్రీం బండి మీద పనసతొన కనిపిస్తే ఆపించి, చదువుకుని, మళ్ళీ పోనివ్వమంది.

"నాకు అచ్చరాలొచ్చినాక మొదట రాసింది దాని పేరే," అంది ఉన్నట్టుండి. "బట్టీలోదే ఒక పచ్చ డబ్బా మీద, ఎర్ర రంగుతోటి. దానికే ఇచ్చినాను. ఎప్పుడో పారీసుంటాది."

పక్కన కూర్చున్న కృష్ణప్రియకి వంటింటి అలమరలోని డబ్బా గుర్తొచ్చింది. పచ్చ డబ్బాలు ఊళ్ళో సవాలక్ష ఉంటాయని తనకి తనే చెప్పుకుంది. అంతలో కారు ఆమెకి బాగా తెలిసిన సందులోకి తిరిగింది.

"ఇక్కడ ఆపు," అంది ముసలామె.

"అమ్మా, ఇది మా ఇల్లండీ."

"మీ అత్త ఇల్లు," అంది అప్పలనరసమ్మ. "మీ గేటు ముందర్నించి ఎన్నిసార్లు పోయానో. దిగలేదు గానీ."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో కృష్ణప్రియకి ఆ క్షణాన బోధపడింది. పొద్దున్న గ్లాసు ఎందుకు జారిందో కూడా.

"దిగండమ్మా, లోపలికి రండి."

"నాను దిగను. అది పిలవాల."

వరండాలో పేపరు చదువుకుంటున్న మాస్టారు కారుని చూసి లేచారు. "ఏమైందమ్మా? ఆవిడ క్షమించిందా?" అంటున్నారు. కృష్ణప్రియ నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. పొద్దు వాలుతోంది, వంటింట్లో లైటు వేసి ఉంది. జగదాంబ కత్తిపీట ముందే ఉంది, రాత్రి కూరకి. కృష్ణప్రియ అలమర దగ్గరికెళ్ళి పచ్చ డబ్బా మీద చెయ్యి వేసింది.

"తిప్పకమ్మా. అటేపు..."

"తుప్పే చూస్తానత్తయ్యా."

తిప్పింది. తుప్పు లేదు. ఎవరో ఎన్నేళ్ళుగానో నూనెగుడ్డతో తుడుస్తున్నట్టు రేకు తళతళలాడుతోంది. దాని మీద ఎర్రగా, వంకరటింకరగా, గుండ్రంగా 'జగదాంబ' అని ఉంది. 'జ' కింద ఒక పిక్క వేలాడుతోంది.

కిటికీ అవతల సందులో ఎవరిదో సైకిలు బెల్లు మోగింది.

"సెప్పీసిందా," అంది జగదాంబ చివరికి.

"చెప్పారు. గోడ మీరు రాశారని జనార్దనరావుగారి ముందే చెప్పారు. తారకేశ్వరరావుగారు నిచ్చెన పట్టుకున్నారని."

జగదాంబ మొహంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి, సగంలో ఆగింది. "సరిగ్గా పట్టుకునీవోడు కాదు. ఊపీవోడు."

"మరి నేను ఆ గోడ ముందు ఫొటోలు తీసుకుని ఇంటికొస్తే ఒక్క మాటైనా అనలేదేమిటత్తయ్యా? ఇచ్ఛాపురం దాకా తిరిగాను."

"ఏటనమంటావు? అప్పుడు నాను సెప్తే ఎవలూ నమ్మలేదు. ఇప్పుడు మీ మావయ్య నమ్ముతారా? పొద్దున్న ఇనలేదా, పిండివంటలన్నారు." ఆమె ఒక వంకాయ అందుకుని, కొయ్యకుండానే పెట్టేసింది. "నువ్వు గీసినప్పుడల్లా ఎనకనించి సూసేదాన్ని. నా 'ప'ని నాకంటే బాగా గీసినావు. దొంగదానిలాగ సూసుకున్నాను, నా అచ్చరాలు నానే."

కృష్ణప్రియ అత్తగారి పక్కన నేల మీద కూర్చుంది. "పిల్లల పుస్తకంలో మీ పేరు వేస్తారట. మీరు సరేనంటే చాలు."

జగదాంబ డబ్బా వైపు చూపించింది. "ఆ పిక్క యాలాడదీసింది నాను కాదమ్మా. అది. సేటలో నా పేరు పేర్సమంటే, అంతా పేర్సినాక పప్పొకటి మిగిలిపోయింది. ఏటి సెయ్యాలో తెలవక కింద పెట్టీసింది. బాగుందని గోడ మీద నానూ అలగే రాసినాను. ఒక్క నా పేరు ఏత్తే నానూ దాని మొగుడిలాటిదాన్నే అవుతాను. ఏస్తే ఇద్దరివీ ఎయ్యాల."

"అయితే ఆవిడ్నీ అడుగుదాం. గేటు ముందే ఉన్నారు, కారులో. మీరు పిలిస్తే గానీ దిగనంటున్నారు."

కత్తిపీట మీద జగదాంబ చెయ్యి ఆగింది. కిటికీలోంచి సందూ, సందులో కారూ కనిపిస్తూనే ఉన్నాయి. ఆమె అటు చూడలేదు.

"నాను పిలవను," అంది. "పదిమందిలో అడిగినాను ఒకపాలి. మల్ల అడగను."

వరండాలోంచి మాస్టారి గొంతు వినిపిస్తోంది. ఇద్దరు ముసలివాళ్ళ పంతం మధ్య పుస్తకం, శనివారం, తన మూడేళ్ళు, అన్నీ నలిగిపోతున్నాయని కృష్ణప్రియకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు జగదాంబ లేచింది. మోకాళ్ళు పట్టుకుని, ఓపిగ్గా లేచి, అలమరలోంచి డబ్బా తీసింది. కొంగుతో మొహం తుడిచినట్టు రేకు తుడిచింది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, పేరున్న వైపు, కారులోని మనిషికి కనపడేటట్టు, సందులోకి తిప్పింది. లైటు సరిగ్గా దాని మీద పడేటట్టు ఇంకొంచెం జరిపింది. తిరిగొచ్చి వంకాయల ముందు కూర్చుంది.

"ఏమిటే అది కిటికీలో?" అన్నారు మాస్టారు బయట్నుంచి. "ఆ వంకర రాతేమిటి, ఎవరు రాశారు?"



సందులో ఏదో చప్పుడైంది. కారు తలుపు తెరుచుకున్న చప్పుడో, ఇంజను తిరిగిన చప్పుడో పోల్చుకోవడానికి లేకుండా ఆగిపోయింది. జగదాంబ తలెత్తలేదు. పొయ్యి మీది కాఫీగిన్నె వైపు మాత్రం కోడలికి వేలు చూపించింది.

"ఇంకో గ్లాసుడు నీళ్ళు పొయ్యి," అంది.